బొడ్రాయి మీద బూటు

మాది నాచారం. మా అత్తమ్మా నేనూ క్యాటరింగ్ పనికి వెళ్తాం. పోయినేడు ఉప్పల్ అవతల ఒక పెద్ద గోల్ఫ్ క్లబ్ వార్షికోత్సవానికి వడ్డించడానికి వెళ్లాం. అత్తమ్మ పుట్టిన ఊరు పోయింది ఆ పచ్చగడ్డి కిందికే.

క్లబ్ పెద్దాయన మైకు ముందు నిలబడి తమ చరిత్ర చెబుతున్నాడు. "మేం వచ్చేనాటికి ఇక్కడ రాళ్లూ పాములూ తప్ప ఏమీ లేవు" అంటూ, పక్కనే పచ్చికలో ఉన్న పాత రాయి మీద కాలు పెట్టి బూటు లేసు కట్టుకున్నాడు.

అత్తమ్మ చేతిలోని ట్రే జారి పడింది. "కాలు తియ్ సారూ! గది మా ఊరి బొడ్రాయి. ఊరు కట్టినప్పుడు నిలబెట్టి, పసుపు బూసి మొక్కిన రాయి!"

ఆయన కాలు తీయలేదు. పైగా నవ్వాడు. "వండర్‌ఫుల్! ఈమెను ఒక ఫొటో తీయండి, మన క్లబ్ చరిత్రలో వేద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

మిగిలిన బిర్యానీ కట్టిస్తే అత్తమ్మ ముట్టలేదు. ఉప్పల్‌లో బస్సు దిగేముందు ఒక్క మాట అంది.

"గప్పుడు పాములు లేకుండె బిడ్డా. గీళ్లతోనే వచ్చినయ్."