రెండు మూడో చరణాలు

గుడివాడ నుంచి బందరు వెళ్తున్న బస్సులో, గుడ్లవల్లేరు దగ్గర ఎక్కిన ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తెరమీద అక్షరాలు వాటంతటవే పరుగెత్తుతున్నాయి. ఏమిటమ్మా అని అడిగాను.

"సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నానండీ. కావలసిన ఫైళ్లు ఇదే తెచ్చుకుంటుంది. ముందు ఇందులో పాత కాపీ ఉందేమో చూస్తుంది. లేకపోతే ఒక సర్వర్‌ని అడుగుతుంది. అది పలక్కపోతే ఇంకోదాన్ని."

నాకు సగమే అర్థమైంది. "ఇద్దరూ వేర్వేరుగా ఇస్తే?"

"తయారుచేసినవాళ్లు ముందే ఒక గుర్తు ఇస్తారండీ. దానితో సరిపోలకపోతే ఎక్కడి నుంచి వచ్చినా పారేస్తుంది."

నా జేబులో రెండు కాగితాలున్నాయి. నా భార్య పోయి పది రోజులైంది. ఆమె సొంతంగా కట్టుకున్న పాటను, ఆమె జ్ఞాపకార్థం చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడికలో పాడించాలనుకున్నాను. ఆమె ఎక్కడా రాసిపెట్టలేదు. మూడో చరణం ఆమె చెల్లెలు ఒకలా, ప్రార్థనల్లో ఆమెతో కలిసి పాడే ఆవిడ మరొకలా రాసిచ్చారు. సంగతి చెప్పి, కాగితాలు చేతికిచ్చి, ఏది నిజమో ఎలా తెలుస్తుందని అడిగాను.

ఆ అమ్మాయి రెండూ శ్రద్ధగా చదివింది. "ఆ గుర్తు మీ దగ్గరే ఉంటుంది కదా మావయ్యగారూ. ఇంట్లో రోజూ విన్నది మీరేగా!"

వంటింట్లో ఆమె పాడుతుంటే నేను ముందుగదిలో పుస్తకం చదువుకునేవాణ్ణి. గొంతు పెద్దదైతే తలుపు వేసేవాణ్ణి.

ఇంతలో పెడన వచ్చింది. ఆ అమ్మాయి కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి దిగిపోయింది.

కూడికలో మూడో చరణాన్ని రెండు విధాలుగానూ పాడించాను. పాడేవాళ్లు నావైపు చూశారు. రెండుసార్లూ తలూపాను.