పడుగు కింద దూరినవాడు

నేను వేలూరు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పుకుంటున్న రోజుల్లో, ఎండాకాలం సెలవులిచ్చారంటే తోటి పంతుళ్ళందరికీ ప్రాణం లేచివచ్చేది. నాకు మాత్రం ఊపిరాడేది కాదు. ఎం.ఏ. పట్టానికి కూర్చునేవాళ్ళు పరీక్షలతో పాటు ఒక పెద్ద వ్యాసం రాసి పంపాలి. ఆ వ్యాసాలు లక్కముద్రలు వేసిన కట్టలుగా మద్రాసు యూనివర్సిటీ నుంచి రిజిస్టరు పోస్టులో నా దగ్గరికి వచ్చేవి. అన్నీ టైపు కొట్టిన కాగితాలే. మీద పేరుండదు, నంబరుంటుంది. దిద్దేది నేనని బయటికి పొక్కకూడదు. ఇంటావిడకు కూడా ఏదో ఆఫీసు పనని చెప్పి గది తలుపు వేసుకునేవాణ్ణి. కిటికీ తెరిస్తే కాగితాలు ఎగిరిపోతాయి, మూస్తే చెమట కారి వాటి మీదే పడుతుంది. వేలూరి ఎండలో ఆ గదిలో నెలరోజులు కూర్చున్నవాడికి కోపం రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ, వస్తే కాదు.

ఆ ఏడు మా అక్క కొడుకు కూడా మద్రాసులో ఎం.ఏ.కి కూర్చున్నాడు. మాది గుడియాత్తంలో మగ్గాల ఇల్లు. అక్కను ఇచ్చింది కూడా అదే వీధిలో, మగ్గాల ఇంటికే. బావకు దగ్గు ముదిరి నేతకు కూర్చోలేకపోతున్నాడు. మేనల్లుడు పాసైతే జూన్‌లో ఉద్యోగం ఇస్తామని ఒక కాలేజీవాళ్ళు మాట ఇచ్చారు. తప్పితే ఇంక చెప్పేదేముంది, తండ్రి బదులు వాడే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి.

వ్యాసం దేనిమీద రాస్తున్నావురా అని అడిగితే, "అయినాక చెప్తాలే మామా" అని నవ్వాడు. వాడిది చరిత్ర, నేను దిద్దేది అర్థశాస్త్రం. అందుకే నా దగ్గరి బంధువులెవరూ ఈ కట్టలో లేరన్న ఫారం మీద ధైర్యంగా సంతకం పెట్టి పంపేశాను.

కట్టలో నాలుగో వ్యాసం గుడియాత్తం నేతపని గురించి. చరిత్ర విద్యార్థిదే అయినా, మగ్గాల సంగతి గనక నాకే పంపినట్టున్నారు. మద్రాసులో చరిత్ర చదివే మా ఊరి పిల్లలు ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళలో ఎవరిదో అనుకుని సంతోషంగానే చదివాను. నూలు ఎక్కడినుంచి వస్తుందో, రంగులు ఎవరు అద్దుతారో చక్కగా రాశాడు. మూడో అధ్యాయంలో ఈ మాటలు కనిపించాయి.

పొద్దున్నే వీధి పొడుగునా నిలువు పోగుల పడుగు సాగదీసి నూలుకు గంజి పట్టించేటప్పుడు, దాని కింద ఎవరూ దూరకూడదు. దూరితే, దూరినవాడి తల్లి మధ్యాహ్నం దాకా నోరు తెరవకుండా మౌనం పట్టాలి. ఇది వీరిలో అనాదిగా వస్తున్న ఆచారం. నేను కళ్ళారా చూశాను.

పెన్సిలు కింద పెట్టేశాను. ఆ ఆచారాన్ని పుట్టించినవాణ్ణి నేనే.

మేనల్లుడికి అయిదేళ్ళప్పుడు, వీధిలో పడుగు కడితే చాలు, వాడు దాని కింద అటూ ఇటూ పరుగులు తీసేవాడు. పోగులు తెగేవి. గంజి ఆరిపోయేలోగా పెద్దవాళ్ళు ఒక్కొక్క పోగూ వెతికి ముడేసుకోవాలి. తిట్టినా కొట్టినా వాడు వినలేదు. ఒకరోజు నేను ముఖం గంభీరంగా పెట్టి, "పడుగు కింద దూరితే మీ అమ్మకు మాట పోతుంది, మధ్యాహ్నానికి గాని రాదు" అన్నాను. అక్క గడుసుది. అప్పటికప్పుడు అందుకుని నోరు బిగించేసింది. వాడు ఆమె కొంగు పట్టుకుని ఇల్లంతా ఏడుస్తూ తిరిగాడు. మధ్యాహ్నం అన్నం వడ్డించి "తినప్పా" అన్నదాకా ఆమె నోరు తెరవలేదు. మళ్ళీ వాడు పడుగు దగ్గరికి పోతే ఒట్టు. మేమిద్దరం ఆ సంగతి తలుచుకుని ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం. అది అబద్ధమని వాడికి చెప్పడం మాత్రం ఇద్దరమూ మరిచిపోయాం.

ఇప్పుడు వాడు దాని మీద ఒక అధ్యాయమంతా కట్టాడు.

ఎవరి కాగితమో తెలిస్తే తిప్పి పంపాలని నియమం. పంపితే ఎలా తెలిసిందో రాయాలి. అదీ రాస్తాననుకుందాం, అబద్ధాన్ని ఆధారం చేసుకున్నాడని వాడి వ్యాసం అక్కడే పోతుంది. రాయకుండా పాసు చేస్తే మేనల్లుణ్ణి గట్టెక్కించినవాణ్ణవుతాను, నా అబద్ధం చరిత్రలో చేరుతుంది. తప్పిస్తే అక్క ఇంటి దీపం నేనే ఆర్పినట్టు. మూడు రోజులు ఆ గదిలో తిరిగాను. ఎటు తిరిగినా గోడే తగిలింది.

చివరికి పాసుకు నాలుగు మార్కులు తక్కువ వేశాను. పది ఇళ్ళు తిరిగి అడగకుండా ఒక్క ఇంటి ముచ్చటను ఊరికంతా అంటగట్టాడు, అది తప్పే. కానీ నిజం ఒప్పుకోవాలి. వేరెవరి కాగితమైనా అయితే ఆ నాలుగు మార్కులు వేసి ఉండేవాణ్ణి. మేనల్లుడని మెత్తబడ్డానని ఎవరైనా అంటారేమోనన్న భయంతో చెయ్యి బిగించాను. "ఆ ఊళ్ళో ఇటువంటి ఆచారం లేదు" అని అభిప్రాయం రాసి, ముద్ర వేసి పంపేశాను.

ఫలితాలు వచ్చాక రెండు వారాలు గుడియాత్తం పోకుండా తప్పించుకున్నాను. అక్క కబురు మీద కబురు పెట్టింది. ఇక తప్పక బయల్దేరాను. రైలు లత్తేరి స్టేషను దాటేదాకా, దిగి వెనక్కి పోదామా అనే ఆలోచనే.

నేను పోయేసరికి మేనల్లుడు మగ్గం గుంటలో ఉన్నాడు. నన్ను చూసి లేచి వచ్చి, మద్రాసు ఆఫీసువాళ్ళు టైపు కొట్టి పంపిన అభిప్రాయం నా చేతిలో పెట్టాడు.

"చూడు మామా, యాడి మనిషి దిద్దినాడో! అట్టాంటి ఆచారమే లేదంట. వానికేం తెల్సు? నువ్వు ఈ వీధిలోనే పుట్టినోడివి, కాలేజీలో ఉండేవాడివి. ఉండాదని ఒక కాగితం రాసియ్యి. మళ్ళా దిద్దమని అడగతాను."

అక్క నాకు మజ్జిగ తెచ్చి పెట్టి, "ఏం ఆచారం నాయనా?" అంది. వాడు చెప్పాడు. అక్క పగలబడి నవ్వింది.

"అయ్యో, అది ఆచారమని రాస్తివా? మీ మామ కట్టిన కథప్పా అది! నీ కాళ్ళు కట్టెయ్యలేక నా నోరు కట్టేసినాడు. ఇంకెవరింట్లోనూ లేదు."

వాడు నా చేతిలోని కాగితం తీసుకుని మళ్ళీ చదివాడు.

"సరేమ్మా. మద్రాసులో కూర్చున్నోడికి అది లేదని ఎట్ట తెల్సింది?"

నన్ను నిలదీయాలని అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు. సమాధానం కోసం నా ముఖం చూశాడు. నేను తల వంచుకున్నాను. వాడు కాగితం నాలుగు మడతలు పెట్టి నా పక్కన ఉంచి, పోయి మగ్గం గుంటలో కూర్చున్నాడు. పోగుల మధ్య నాడె ఆడే చప్పుడు మొదలైంది.

అక్క వాడివైపు చూసింది, నావైపు చూసింది. నవ్వు పోయింది.

"అక్కా" అన్నాను.

నేను ముట్టని మజ్జిగ లోటా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నా ముందు ఆకు వేసి, అన్నం వడ్డించి, "తినప్పా" అన్నదాకా మా అక్క నోరు తెరవలేదు.