మా అత్త పెట్టిన అయిదో ముంత

పోయిన బుధవారం నాలుగో తరగతి పిల్లలకు భాగహారం చెప్తుంటే మా ఆయన వచ్చి బడి గుమ్మంలో నిలబడ్డాడు. ఎన్నడూ బడి వైపు రాని మనిషి. "అమ్మ పోయింది" అన్నాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టి ఆయన వెంట వచ్చేశాను.

సమాధి కూడికకు అచ్చు వేయించిన కాగితంలో మా అత్త ప్రభువునందు నిద్రించింది అని రాశారు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా, ఆమె నిద్రపోగా నేను చూసింది బహు తక్కువ. పోనీలే, ఇప్పటికైనా పడుకుంది. కాగితంలో ఆమె భక్తి గురించి, కష్టం గురించి బాగానే రాశారు. రాయని సంగతి ఒకటుంది. అది నా తప్పుతో మొదలైంది కాబట్టి నేనే చెప్పాలి.

డెబ్బైల చివర్లో నేను ఆళ్లగడ్డలో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మామ అప్పటికే లేడు. మా ఆయన వేరుశనగ మిల్లులో పనిచేసేవాడు. ఆ మిల్లు ఏడాదికి ఆరు నెలలే తిరిగేది. తక్కిన ఆరు నెలలూ దొరికితే కూలి, లేకుంటే ఇంట్లో ఉన్న ఎనుము ఇచ్చే పాలే గతి. ఆరు నెలల సంపాదనతో ఏడాదంతా ఇల్లు నడపాలి. నడిపింది మా అత్త.

గూట్లో నాలుగు మట్టి ముంతలు ఉండేవి. ఆమెకు అక్షరం రాదు, అందుకని ముంత మూతికి కట్టిన గుడ్డకు గుర్తులు పెట్టుకుంది. ఎండుమిరపకాయ కట్టిన ముంతలోది ఎండాకాలంలో ఏడాదికి సరిపడా మిరపకాయలు, చింతపండు, కందులు కొనేదానికి. జొన్నచొప్ప పరక కట్టింది ఎనుము మేతకు. రంగు పీలిక కట్టింది క్రిస్మస్ బట్టలకు. నాలుగోదానికి చిటికెడు మన్ను మూటగట్టి వేలాడదీసింది. అది చౌడు. మావి మట్టి మిద్దెలు. ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పరిచి తొక్కకపోతే, ఇంట్లో కూర్చున్నా తడవాల్సిందే.

కూలి చేతికొచ్చిన శనివారం ముందు ముంతలకు పెట్టేది, తర్వాతే మనుషులకు. ఒక ముంతలోది ఇంకొక పనికి తీసేది లేదు. ఒకసారి మా ఆయన సైకిల్ టైరు కోసం మిరపకాయల ముంతలోంచి తీయమని బతిమాలాడు.

"చింతపండు లేని దినం టైరు నంజుకుంటావా నాయనా?" అంది. ఆయన నెల రోజులు మిల్లుకు నడిచే పోయాడు. నాకు లోపల కోపం వచ్చింది గానీ, వానలు పట్టి పనులు ఆగిపోయినప్పుడు మా వీధిలో అప్పు కోసం గడప దాటని ఇల్లు మాదొక్కటే. చిన్న విషయమా అది!

కాపురానికి వచ్చిన రెండో ఏట నాకు నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. వారంలోగా యాభై రూపాయలు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మా పుట్టింట్లో అంత లేదు. అత్తను అడిగే ధైర్యం నాకు లేదు. టైరు సంగతి కళ్ళారా చూసినదాన్ని కదా! ఆమె ఎనుమును మేతకు తోలుకొని పోయినప్పుడు చౌడు ముంత విప్పాను. దాని అవసరం వచ్చేలోగా ఎట్లాగో తెచ్చి పెట్టేయొచ్చు అనుకున్నాను. ఎట్లాగో మాత్రం ఆలోచించలేదు. మా నాయన ఇచ్చాడని ఇంట్లో చెప్పాను.

"మీ నాయన మంచోడు మే" అంది అత్త. సిగ్గుతో చచ్చిపోయాను.

రోహిణి కార్తెలో, ఏటా చౌడు తోలే బండాయన వచ్చి వాకిట్లో ఎద్దులను ఆపాడు. అత్త ముంత దించి గుడ్డ విప్పింది. చిల్లర తప్ప ఏమీ లేదు. నా ముఖం వైపు ఒక్కసారి చూసింది. అంతే, ఆమెకు అర్థమైపోయింది. మా ఆయన పక్కనే ఉన్నాడు.

"ఏమక్కా, చౌడు తోలేదా, వద్దా?" అన్నాడు బండాయన.

"ఈ ఏడు బండి వద్దులే అన్నా. నేనే తెచ్చుకుంటా" అంది, ఎప్పటి గొంతుతోనే.

మరుసటి పొద్దున గంప, పార తీసుకొని బయల్దేరింది. చౌడు నేల ఊరి బయట ఉంది. ఆ ఎండలో గంప నెత్తిన పెట్టుకొని రావడం, నిచ్చెనెక్కి మిద్దె మీద పోయడం, మళ్ళీ పోవడం. నేనూ ఇంకో గంప తీసుకొని వెనకే పోయాను. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. రెండు దినాలు అట్లాగే మోశాం. మూడో దినం మిద్దె మీద చౌడు పరుస్తుంటే నేనే ఏడ్చేశాను.

"అడిగింటే ఇచ్చేదానివా అత్తా?"

"ఇయ్యను" అంది, పార ఆపకుండా. కాసేపటికి తనే ఆపింది. "అదే ఆలోచన చేస్తాండా. నాలుగు ముంతలు పెట్టినా. ఎనుముకు పెట్టినా, మిద్దెకు పెట్టినా. కోడలు బాగుపడేదానికి యాడ పెట్టినా? నువ్వు చేసింది దొంగతనమే, కాదనను. నాతో అబద్ధం గూడా చెప్తివి. అయితే అడిగేదానికి భయపడే ఇల్లు చేసి పెట్టింది నేనే గదా."

ఆమె ఎవరితోనూ ఈ సంగతి అనలేదు. మా ఆయనకు కూడా నిన్న నేను చెప్తేనే తెలిసింది.

మిల్లు మళ్ళీ తిరిగిన వారమే గూట్లో అయిదో ముంత వచ్చింది. గుర్తుగా బలపం ముక్క కట్టింది. "దీంట్లోది ఎందుకు తీసినావని నేనడగను" అంది. నంద్యాల బస్సు చార్జీలు, నోటు పుస్తకాలు అన్నీ అందులోంచే. దాన్ని నింపడానికి ఏం తగ్గించిందో ఆ క్రిస్మస్‌కు చర్చిలో చూశాను. మా ఇద్దరికీ కొత్త బట్టలు, ఆమె ఒంటి మీద పాత చీర. అడిగితే, "పాడేదానికి గొంతు సాలదా?" అంది.

ఇన్ని తలుచుకున్నా, సమాధి దగ్గర నిలబడినప్పుడు నాకు కనిపించింది ఆ తొలి వాన. ట్రైనింగ్‌లో చేరాక మొదటి శనివారం ఇంటికి వచ్చాను. పట్టపగలే మబ్బు కమ్మి జోరున కురిసింది. పుస్తకం ఒళ్లో పెట్టుకొని నేను దూలాల వైపే చూస్తున్నాను. ఎక్కడైనా చుక్క పడితే ఆ పాపం నాదే.

అత్త వచ్చి నా ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చుంది. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు.

"మిద్దెను నేను చూస్తాండా గదా. నువ్వు పుస్తకం చూడు మే."

నేను తల దించి చదువుకున్నాను. వాన వెలిసేదాకా ఆమె తల ఎత్తుకొనే కూర్చుంది.