పంపుహౌస్ ముక్కమ్మ

మురుగునీటి పంపుహౌస్‌లో ఆమెను అందరూ ముక్కమ్మ అనేవారు. ఏ వీధి నీళ్లు వస్తున్నాయో వాసన పట్టి చెప్పేది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్లు అనుకునేవారు. కోపం ఆవిడ ముక్కు మీదే కాపురముంటుంది కాబట్టి అని పాతవాళ్లు నవ్వేవారు. రెండూ నిజమే. పందొమ్మిదేళ్లుగా జాలీకి అడ్డంపడ్డ గుడ్డపేలికల్నీ, హోటళ్లవాళ్లు పారబోస్తే గడ్డకట్టిన నూనెనీ పారతో ఎత్తి పోస్తూ, ఊరందరినీ వరసపెట్టి తిట్టేది.

"తమ ఇల్లు శుభ్రంగా ఉంటే చాలు. గొట్టానికి అటు చివర ఒక మనిషి ఉందని ఒక్కడికీ తట్టదు" అనేది.

ఒక మంగళవారం పొద్దున రెండో పంపు బిగుసుకుపోయింది. ఫిట్టరు నడుముకు తాడు కట్టుకుని మురుగు చేరే బావిలోకి దిగాడు. మోటార్ల గదిలోంచి ఆమె వచ్చేసరికి సగం నిచ్చెన దిగేశాడు. బావి అంచుకు రాగానే ఆమె ముక్కు అదిరింది. మురుగు కంపు కాదు. తియ్యగా, గొంతు పట్టేసే వాసన. రంగుల్లో కలిపే థిన్నరు.

"పైకి రా. ఉన్నపళంగా పైకి రా."

"వస్తున్నానక్కా... ఒక్క నట్టు..." అతని మాట ముద్దగా తేలిపోయింది.

తాడు పట్టుకున్న ఇద్దరితో కలిసి ఆమె కూడా లాగింది. పైకి తెచ్చేసరికి కళ్లు తేలేశాడు. పక్కకు తిప్పి పడుకోబెడితే భళ్లున వాంతి చేసుకున్నాడు. మొదటి పంపు ఇంకా తిరుగుతూనే ఉంది. గదిలో స్విచ్చు తీస్తే నిప్పురవ్వ రేగుతుందని ఆమె గేటు బయట పెట్టె దగ్గరికి పరిగెత్తి, మొత్తం కరెంటు ఆపేసింది. ఇద్దరినీ తోడిచ్చి ఫిట్టరును ఆస్పత్రికి పంపింది.

పావుగంటలో సూపర్‌వైజరు ఫోను.

"పంపు ఎవరాపమన్నారు? మెయిన్ రోడ్డు మీద మూతల్లోంచి నీళ్లు పొంగుతున్నాయి."

"పొంగనివ్వండి. ఇక్కడ పేలితే రోడ్డే ఉండదు."

మూతలెత్తే పనివాణ్ణి వెంటబెట్టుకుని ఆమె లైను వెంట ఎదురు నడిచింది. క్షవరం దుకాణం ముందు మూత ఎత్తిస్తే అదే వాసన. లాండ్రీ దగ్గర ఇంకా ఘాటు. అక్కడ లైను రెండుగా చీలుతుంది. కుడిపక్క ఉత్త మురుగే. ఎడమపక్క మూత, కార్లకు రంగులేసే ఒక షెడ్డు వెనకాల ఉంది. దాన్ని ఎత్తినవాడు ముఖం తిప్పేసుకున్నాడు. లోపల నీటి మీద నీలంగా మెరిసే తెట్టు.

ఆ షెడ్డు ఆమె సొంత తమ్ముడిది.

మూడేళ్ల కిందట దాని మురుగు కనెక్షను కోసం ఆఫీసు చుట్టూ తిరిగింది ఆమే. కాలువలో వదలకూడనివేవో రాసిన కాగితాన్ని పక్కన కూర్చుని చదివి వినిపించింది. మండేవి, పేలేవి, గొట్టాన్ని తినేసేవి, చల్లారితే గడ్డకట్టేవి, కాగుతున్నవి. "మురుక్కి కూడా ఇన్ని నఖరాలా అక్కా" అని నవ్వి తమ్ముడు సంతకం గీకేశాడు.

ఇప్పుడు ఆమెను చూసి అతను స్ప్రేగన్ను పక్కన పెట్టాడు.

"ఏంటక్కా, ఇలా వచ్చావు?"

"గన్నులు కడిగిన థిన్నరు పోసే డ్రమ్మేది?"

"అదా. నిండిపోయింది. పట్టుకెళ్లేవాడు రెండు నెలల నుంచి సరిగ్గా రావడంలేదు. అందుకే కాస్త కాలవలోకి... వెనకాలే నీళ్లు కూడా కొట్టానులే."

"నీళ్ల మీద తేలేదాన్ని నీళ్లు కొట్టి పంపావా? కాస్తంటే ఎంత?"

"డ్రమ్మెడు. అయినా అందరూ పోస్తున్నారు కదక్కా. హోటళ్లవాళ్లు నూనె పొయ్యట్లేదా?"

"నూనె వస్తే నేను పార పట్టుకుంటాను. ఇది వస్తే మనిషి పోతాడు. ఒకడు ఆస్పత్రిలో ఉన్నాడు."

"నేను కావాలని చేశానా?"

"కాదు. నీకు పట్టలేదు. అదే నాకు ఒళ్లు మండుతోంది."

ఆమె ఆ కాలవ నీళ్లు రెండు సీసాల్లో పట్టి మూతలు బిగించింది. మధ్యాహ్నం సూపర్‌వైజరు ఆ సీసాల వంకా, ఆమె వంకా చూసి గొంతు తగ్గించాడు.

"సొంత తమ్ముడంటున్నారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదని రాసేద్దాం. మీరు ఇంట్లో నాలుగు చివాట్లు పెట్టండి."

"ఇంకొకడి షెడ్డయితే ఏం రాసేవారు?"

ఆయన కాగితం ఆమె వైపు తోశాడు. ఆమె తమ్ముడి పేరు, షెడ్డు చిరునామా తన చేత్తోనే రాసి ఇచ్చింది.

కనెక్షను తెంపేశారు. షెడ్డు నెల రోజులు మూతపడింది. మరదలు పంపుహౌస్ గేటు దాకా వచ్చి, "మనుషులకన్నా గొట్టాలే ఎక్కువయ్యాయా వదినా మీకు?" అంది.

"గొట్టం చివర ఉన్నది మనిషేనమ్మా" అంది ముక్కమ్మ. మరదలు వినిపించుకోకుండా వెళ్లిపోయింది.

కోపం మాత్రం చల్లారలేదు. తమ్ముడి మీద ఉన్నది సగమే. మిగతా సగం ఎవరి మీదో ఆమెకు తెలుసు. ఆ మంగళవారానికి ముందు రెండు నెలల్లో నాలుగుసార్లు బావి దగ్గర ఆ వాసన సన్నగా తగిలింది. ఏ వీధిదో, ఎవరిదో కూడా పోల్చుకుంది. తర్వాత చెబుదాంలే, మనవాడే కదా అనుకుని ఊరుకుంది. మూడో వారం ఫిట్టరు ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పేసింది. అతనికి దగ్గు ఇంకా తగ్గలేదు.

"నాలుగుసార్లా?" అన్నాడు.

"నాలుగు."

"ఒక్కసారి నా చెవిన వేసుంటే దిగేవాణ్ణి కాదు కదా."

మర్నాడు ఆమె ఆఫీసుకెళ్లి, తన రిపోర్టు కింద ఆ నాలుగుసార్ల సంగతీ రాసింది. పై అధికారులు హెచ్చరిక కాగితం ఇచ్చారు. చదివి సంతకం పెట్టింది.

తమ్ముడు మూతల డ్రమ్ములు రెండు పెట్టి షెడ్డు మళ్లీ తెరిచాడు. వీధిలో ఆమె ఎదురైతే అవతలి పక్కకు దాటిపోతాడు. ఫిట్టరు ఆరో వారం పనిలోకి వచ్చాడు. బావి దగ్గర తాడు కట్టుకుంటూ ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"దిగేముందు ఏం వాసనొస్తోందో రిజిస్టర్లో రాసి ఇవ్వండి."

పన్నెండేళ్లుగా అక్కా, నువ్వు అని పిలిచినవాడు. ఆమె బావి అంచున వంగి, చాలాసేపు గాలి పీల్చి, రాసి ఇచ్చింది. అతను అది రెండుసార్లు చదువుకుని దిగాడు.