పిలిస్తే పలికేంత దూరం

మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, మొన్న మంగళవారం ఉదయం ఉప్పుగూడలో కన్నుమూశారు. నిజాం కాలంలో రైల్వే గుమాస్తాగా చేరి నిరుడే రిటైరయ్యారు. మీలో చాలామందికి ఆయన మెడలో వేలాడే కెమెరా గుర్తుంటుంది. నాకు ఆయన లెన్సు ఎంచుకున్న తీరు గుర్తుంది.

మూడేళ్ల కిందట ఒక దుకాణదారు ఆయనకు రెండు జర్మన్ లెన్సులిచ్చి, చూసి ఒకటి ఉంచుకొమ్మన్నాడు. ఒకటి బెత్తెడు, ఇంకొకటి జానెడున్నర. ముఖం నిండుగా కనిపించాలంటే ఏది ఎంత దూరంలో ఉండాలో నేనే టేపుతో కొలిచి రాశాను. పొట్టిదానికి పది అడుగులు, పొడుగుదానికి ఇరవై మూడు. పొడుగుదాన్ని చేత్తో పట్టుకుంటే బొమ్మ ఊగిపోయేది, స్టాండు తప్పదు. అయినా నా మనసు దాని మీదే.

కారణం నా దగ్గరే ఉంటున్న మా అమ్మ. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఒక్కటీ దిగలేదు. అప్పటికే గుండె జబ్బుతో చిక్కిపోయింది. ఆమె ముఖం నాకు మిగలదేమోనని భయం. ఎదురింటి మిద్దె మీదినుంచి పొడుగుదానితో తీస్తే ఆమెకు తెలియనే తెలియదు.

"తెల్వకుండ తీసుడేంది బిడ్డా?" అన్నారు చిన్నాయన. "మిద్దె ఎక్కేముందు మన గల్లీల మగోళ్లు 'పర్దా' అని కేకేస్తరు. ఎందుకు?"

"ఆడోళ్లు లోపలికి పోతరని."

"మరి ఈ గొట్టం మిద్దె ఎక్కితె ఎవరు కేకెయ్యాలె? పిట్టలను తీసేటోన్నైతే పొడుగుదే కొందును. నేను తీసేటియి మనుషుల మొఖాలు. పిలిస్తె పలకాలె. గంత దూరం చాలు నాకు."

పొట్టిదే ఉంచుకున్నారు. కోపంతో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చి, చింతపండు గింజలు తీస్తున్న అమ్మకు పది అడుగుల దూరంలో స్టూలు వేసుకుని కూర్చునేవారు.

"వదినా, తియ్యాల్నా?"

"నీ డబ్బా మూసీల పారేస్త!"

"పారెయ్యి. చాయ్ పోసినంక పారెయ్యి."

చాయ్ తాగి, ఫొటో తీయకుండానే వెళ్లిపోయేవారు. తొమ్మిదో రోజు అమ్మే కదిలించింది.

"ఏందయ్యా, నేను వోయినంక ఈ పిల్ల యాది జేసుకోనీకేనా?"

"ఔ వదినా."

"గా ముచ్చట ముందే చెప్పొద్దా? తియ్యి, పీడ వోతది."

ఇంకో రెండు వానాకాలాలు చూసి అమ్మ పోయింది.

ఆ ఫొటో ఇప్పుడు నా ముందుంది. అమ్మ లెన్సులోకి చూడటం లేదు. దాని పైనుంచి మరిది ముఖంలోకి చూస్తోంది. తిట్టడానికి చెయ్యి లేపింది. ఈలోపే నవ్వొచ్చేసి, నోరు సగం తెరుచుకుని ఉండిపోయింది.