ఫ్లాస్కుల్లో వలయాలు

రహిమున్నీసా పెళ్లికి ముందు మిరపకాయల తొడిమలు తీసేది. సాయంత్రానికి వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. దాచేపల్లి శివార్లలో గొర్రెలకు, మేకలకు టీకా మందు తయారుచేసే చిన్న ల్యాబు పెట్టినప్పుడు సీసాలు కడిగే పనికి చేరింది. అక్కడ చేతులకు తొడుగులు ఇచ్చేవారు. ఆ ఒక్క సుఖం కోసమే మానకుండా వెళ్లిందని ఆమే చెప్పుకుని నవ్వేది. ప్రైవేటుగా డిగ్రీ కట్టింది, పాసైంది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి కణాలను పెంచే గది తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది.

టీకాకు కావలసిన వైరస్ బతికున్న కణాల్లోనే పెరుగుతుంది. ఆ కణాలను చదునైన ఫ్లాస్కుల్లో ఎర్రటి పోషకద్రవంతో పాటు వేసి, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో పెట్టాలి. తెల్లారేసరికి అవి అడుగుకు అంటుకుంటాయి. మూడు రోజుల్లో చాప పరిచినట్టు అల్లుకుపోతాయి. రోజూ మధ్యాహ్నం ఆ పని చేసేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.

రెండువేల నాలుగు ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున ఫ్లాస్కులు బయటికి తీసి వెలుతురుకు పట్టుకుంది. కణాలు చాపలా పరుచుకోలేదు. ఒకదానిలో ఒకటిగా గుండ్రటి గీతలు కట్టాయి, నడిమధ్యన ముద్దగా ఒక చుక్క. బల్లమీద పేర్చి చూస్తే నలభై ఫ్లాస్కులూ నలభై కళ్లలా ఆమెనే చూస్తున్నాయి.

ల్యాబు నడిపే పశువైద్యుడు శివరామకృష్ణ గారిని కేకేసింది.

"ఎవరో గిర్రున తిప్పి పెట్టినట్టుందే. పెట్టాక కదిపారా?" అన్నాడాయన.

"లేదు సార్. తలుపు కూడా తియ్యలా."

మైక్రోస్కోపులో చూశారు. కణాలు చచ్చిపోయి ఉంటే ఏదో ఒకటి అనుకోవచ్చు. అవి నిక్షేపంగా బతికే ఉన్నాయి, ఎవరో చెప్పినట్టు వరుసల్లో కూర్చున్నాయి.

ఆ రోజు నుంచి వెతుకులాట. పోషకద్రవంలో కలిపే సీరం మార్చారు. నీళ్లు మార్చారు. ఫ్లాస్కులు వేరే కంపెనీవి తెప్పించారు. బూజుందేమో, ఏదైనా క్రిమి చేరిందేమోనని పరీక్షలకు హైదరాబాదు పంపితే ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఇంక్యుబేటర్ కింద మట్టపు బద్ద పెట్టి అటూ ఇటూ సరిచేశారు. వలయాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. సీసాలు కడిగే జైతున్‌బీ ఆ గదిలోకి అడుగు పెట్టడం మానేసి, గుమ్మం దగ్గరే ట్రే అందించి వెనక్కి తిరిగేది.

మూడో వారంలో రహిమున్నీసా పాత ఫ్లాస్కుల మీది తేదీలు చూస్తూ ఆగిపోయింది. గురువారం వేసినవాటిలో వలయాలు లేవు. మూడు గురువారాలూ అంతే.

"గురువారం దర్గా రోజు కదమ్మా, అందుకే" అంది జైతున్‌బీ గుమ్మంలోంచి. రహిమున్నీసా తేదీలు మళ్లీ లెక్కపెట్టింది.

ఆమె తండ్రి మాబు ఆమె దగ్గరే ఉండేవాడు. ముప్పై ఏళ్లు రాతిగనిలో డ్రిల్లింగు మిషను పట్టి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. ఎండాకాలం నుంచి బండల మీద ఒట్టి నేలనే పడుకుంటున్నాడు. కింద ఏదో తిరుగుతోందని రెండు నెలలుగా అంటుంటే, ఒంట్లో బాగాలేదేమోనని ఆమె డాక్టరుకు చూపించి బీపీ మాత్రలు వేయించింది.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం టీ గ్లాసు అందిస్తుంటే ఆయన పాదం నేలకు ఆనించి కాసేపు ఉండి, "ఇవాళ పడుకుందమ్మా" అన్నాడు. "గురువారం గురువారం పడుకుంటది."

ఆమె గ్లాసు కింద పెట్టి ఆయన మొహంలోకి చూసింది. ల్యాబు సంగతి ఆయనకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మెయిను ఆపించి, ఫ్యాన్లూ ఏసీ ఇంక్యుబేటరూ అన్నీ నిలిచిపోయాక, కిటికీ లోంచి ఎండపడే చోట స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి పెట్టింది. ఎదురు గోడ మీద ఎండ బిళ్ల పడింది. అది వణుకుతోంది. సన్నగా, ఆగకుండా, జ్వరం వచ్చినవాడి చేయిలా. శివరామకృష్ణ గారు అరచేయి నేలకు ఆనించారు.

"నాకేం తెలియట్లేదే" అన్నారు మెల్లగా.

సాయంత్రం మాబును తీసుకొచ్చారు. ఆయన చెప్పులు విడిచి, ఏదో పారేసుకున్నవాడిలా గదంతా తిరిగి, ఒక మూల ఆగి పడమర వైపు చెయ్యి చూపించాడు. "అటునుంచి. ఇక్కడ మా ఇంట్లోకంటే గట్టిగా ఉంది."

అటు రెండు కిలోమీటర్ల దూరంలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. వాకబు చేస్తే, జూన్‌లో కొత్త గ్రైండింగు మిల్లు పెట్టారని, గురువారాలు మరమ్మతుకు ఆపుతారని తేలింది. మొదట్లో రోజుకు రెండు మూడు గంటలే తిప్పేవాళ్లట, ఆగస్టు నుంచి రాత్రింబగళ్లూ. ఊరి కిందంతా పరుచుకున్న సున్నపురాయి బండ ఆ అదురును ల్యాబు దాకా మోసుకొస్తోంది. గట్టిగా అంటుకోకముందే ద్రవంలో తేలే కణాలు ఆ అదురుకు వలయాలుగా సర్దుకుంటున్నాయి.

ఫ్యాక్టరీ ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు. "అంతా రూల్స్ ప్రకారమే ఉందండీ. మనుషులకి తెలిసేంత ఉండదు."

"మా నాన్నకి తెలిసింది" అంది రహిమున్నీసా. ఇంజనీరు ఆ మాట పట్టించుకోలేదు.

చివరికి వాళ్ల తంటాలు వాళ్లే పడ్డారు. ఇసుక పోసిన ట్రే మీద సగం గాలి నింపిన లారీ ట్యూబులు, వాటి మీద నాపరాయి, ఆ రాయి మీద ఇంక్యుబేటర్. నాలుగో రోజు పొద్దున ఫ్లాస్కుల్లో కణాలు అంచు నుంచి అంచుకు ఒకే తీరుగా పరుచుకుని ఉన్నాయి. శివరామకృష్ణ గారు అందరికీ స్వీట్లు పంచారు. రహిమున్నీసా ఇంటికి వెళ్లి బీపీ మాత్రల చీటీ చించేసి, తండ్రి పక్కన నేల మీద కూర్చుంది.

గోడ మీద వణికిన ఆ వెలుగును చూశాక ఆమె మునుపటిలా లేదు. బిందెలో నీళ్లు చూసేది. మంచం కోడు మీద చెయ్యి వేసి ఆగేది. మొదట ఏమీ తెలిసేది కాదు. మరుసటి ఏడాదికి తెలియడం మొదలైంది, పాదాల్లో, పళ్ల మొదళ్లలో. ఎవరికీ చెప్పలేదు.

తండ్రి చనిపోయిన ఏడాది ప్రత్తిపాడులో చెల్లెలింటికి వారం ఉందామని వెళ్లింది. చుట్టూ పత్తి చేలు, అంతా నల్లరేగడి. చెల్లెలు పట్టెమంచం వేసి దుప్పటి పరిచింది. రహిమున్నీసా కాళ్లు నేలకు ఆనించి అలాగే కూర్చుంది.

"ఏంటక్కా, పడుకోవా?"

"మీ ఇంట్లో నేల కదలట్లేదే" అంది రహిమున్నీసా.

చెల్లెలు నవ్వేసి లోపలికి వెళ్లింది. వారం ఉంటానని వచ్చిన మనిషి, రెండు రాత్రులూ కునుకు పట్టక, మూడో రోజు పొద్దున్నే దాచేపల్లి బస్సెక్కింది.