తూకం లెక్కన అడిగిన విమానం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువునూ బాగుందని అనే అలవాటు లేదు. నిజామాబాద్ బజార్లో గిన్నెల దుకాణం మాది. పుట్టిన బిడ్డకు లోకమంతా ఉగ్గు పోస్తే మావాళ్ళు బేరం నేర్పారు. కొనబోయే వస్తువును పొగిడితే ధర పెరుగుతుంది, కాబట్టి పొగడకూడదు. ఇది మొదటి పాఠం. రెండో పాఠం లేదు. మొదటిదే జన్మకంతా సరిపోతుంది. పండుగ బట్టలు కొన్నా, కూరగాయలు కొన్నా మావాళ్ళు దగ్గరి చుట్టం పోయినట్టు మొహాలు వేలాడేసుకునే కొంటారు. పక్కింటి పెళ్ళిలో ఆకు నాకి వచ్చి కూడా "పర్వాలే, తిన్నం" అంటారు తప్ప అంతకు మించి పెదవి దాటనివ్వరు. (రేపు ఆ వంటవాడే గిన్నెలకు వస్తే? మనం పొగిడిన సంగతి గుర్తుపెట్టుకుంటే?) అటువంటి ఇంట్లో పుట్టి నేను విమానాల మీద మనసు పడ్డాను. మనసు పడటం పెద్ద కష్టం కాదు; పడ్డట్టు మొహంలో కనబడనివ్వకపోవడమే కష్టం.

డిగ్రీ పూర్తయి దుకాణంలో కూర్చున్న కొత్తలో, మేడ మీది గోదాములో ఒక మూలన పాత కంప్యూటర్ పెట్టుకుని ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపేవాణ్ణి. ("ఆడేవాడివి" అని ఎవరైనా అంటే ఆ వయసులో నాకు మహా కోపం వచ్చేది.) జాయ్‌స్టిక్ పిడి విరిగిపోతే ప్రెషర్ కుక్కర్ పిడి బిగించాను. కాళ్ళ కింద పాత కుట్టుమిషన్ తొక్కుడు పలక. సీటేమో దుకాణంలో కాలు విరిగి పైకి చేరిన కుర్చీ. తాడుతో కట్టినందువల్ల గాలివాన లేకుండానే ఊగేది. చుట్టూ కప్పు దాకా స్టీలు బిందెల దొంతరలు. స్పీకర్లో ఇంజన్ హోరుకి బిందెలన్నీ సన్నగా మోగుతుంటే బేగంపేట నుంచి లేచి, మబ్బులు దాటి, మళ్ళీ కిందికి దిగుతూ, చక్రాలు ఇంకో క్షణంలో నేలను తాకుతాయనగా కరెంటు పోయేది. మా ఊరి కరెంటుకు విమానం దిగే వేళ ఎవరు చెప్పేవారో నాకు ఇప్పటికీ తెలియదు. నా మొర కిందికి వినపడేది. "ఏమైందిరా?" అనేవాడు బాపు గల్లా దగ్గరి నుంచి. "విమానం కూలింది బాపూ!" "కూలింది సాలు గని, గిరాకొచ్చిన్రు, కిందికి రా!" అంతే. అంతమంది ప్రయాణికుల్ని శిథిలాల్లో వదిలేసి కిందికి వచ్చి టిఫిన్ డబ్బాలు చూపించేవాణ్ణి.

అసలు విమానాన్ని మాత్రం దగ్గరి నుంచి చూసింది లేదు. మా ఊరి మీదుగా పోయేవి బేరానికి అందనంత ఎత్తున పోతాయి. నా వంటి పిచ్చివాళ్ళు నలుగురు నెట్‌లో పరిచయమయ్యారు, హైదరాబాద్ వాళ్ళు. ఒకడు అసలు విమానం సీటు సంపాదించానని ఫొటో పెట్టేవాడు, ఇంకొకడు ఎత్తు చూపించే అసలు డయల్ దొరికిందని పెట్టేవాడు. నేను నా కుక్కర్ పిడి ఫొటో ఎన్నడూ పెట్టలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అసలు కాక్‌పిట్‌లో కూర్చుని పైన అద్దం మూసుకుని కళ్ళు మూసుకోవాలి. నా కోరికంతా అంతే.

అట్లా ఉండగా బోధన్‌లో ఒక మెథడిస్టు చర్చి వాళ్ళు పండుగ విందుకని పెద్ద వంట గంజులు కొన్నారు. వాటిని ఆటోలో తీసుకెళ్ళి దించి వస్తుంటే, ఊరి చివర ఎడపల్లి దారిలో, ఒక పాత ఇనుప సామాను దుకాణం ప్రహరీ మీదుగా నాకొక ముక్కు కనిపించింది. విమానం ముక్కు. ఆటో ఆపించి లోపలికి పోయాను. చెరకు బండ్ల ఇరుసులు, పగిలిన గానుగ రోలర్ల మధ్య, గడ్డిలో, పొట్ట నేలకు ఆనించి పడుకుని ఉంది: హెచ్‌టీ-2. మన దేశంలోనే గీసి, మన దేశంలోనే చేసిన పాత శిక్షణ విమానం. ముందొకరు, వెనకొకరు కూర్చునేది. రెక్కలు లేవు, ఇంజన్ లేదు, చక్రాలు ఎవరో పట్టుకుపోయారు. కానీ రెండు సీట్ల గుంతలూ ఉన్నాయి, పగిలిన అద్దపు కప్పు ఉంది, లోపల విమానాన్ని నడిపే కర్ర ఉంది. అంచు మీంచి వంగి ఆ కర్రను పట్టుకుని కదిపాను. కదిలింది! దాంతోపాటు అటు చివర తోకలో ఏదో కిర్రుమంది. నా గుండెలో కూడా.

"ఏం కావాలె బేటా?" అంటూ వచ్చాడు దుకాణం యజమాని. నెరిసిన గడ్డం, మెడలో తువ్వాల. అందరూ ఆయన్ను చాచా అంటారట. నేను వెనక్కి తిరగకుండానే, "గా ఇరుసు ఎంతకిస్తవ్ చాచా?" అన్నాను. ఆయన నవ్వాడు. "గీడికొచ్చినోళ్ళంత ముందుగాల విమానం సంగతి అడుగుతరు. నువ్వేంది, ఇరుసు అడుగుతున్నవ్?" "విమానమా? ఏడుంది?" అన్నాను, విమానం కర్రను పట్టుకునే. చాచా నా చేతి వంక ఒకసారి చూశాడు. ఎక్కడో విమానం నడపడం నేర్పే సంస్థ మూతబడితే వేలంలో లారీ ఇనుముతో పాటు వచ్చిందని చెప్పాడు. "కొయ్యబుద్ధి కాలే బేటా. బడిపోరగాండ్లు అచ్చి కూసుంటరు, బుర్రుమంటరు. సూస్తే నాగ్గూడ మంచిగనిపిస్తది." ఎక్కి కూర్చుంటే మనసు బయటపడుతుందని నేను ఎక్కలేదు; ఇరుసు ధర ఎక్కువని మొహం చిట్లించి బయటపడ్డాను. ఆటో కదిలాకే వెనక్కి తిరిగి ఆ ముక్కును చూశాను.

ఇంత పెద్ద బేరం నా ఒక్కడి వల్ల కాదని చిన్నబాపును బతిమాలాను. మా బాపుకు తమ్ముడు. ఆయన బేరానికి వస్తున్నాడంటే బజార్లో సగం షట్టర్లు దిగేవని ప్రతీతి. సంగతంతా విని, "విమానం ఏం జేస్కుంటవ్‌రా?" అని అడిగాడు. "కూసుంట" అన్నాను. జాలిగా చూశాడు. అయినా బేరమంటే ఆయనకు చెవి కోసుకున్నంత ఇష్టం కనుక ఒప్పుకుని, దారి పొడుగునా బస్సులో పాఠం చెప్పాడు. "బోణి ఏళకు పోవాలె. మొదటి గిరాకిని ఉత్తగ పంపనీకె ఎవ్వనికి మనసు రాదు. నువ్వు మాట్లాడకు. మొఖం గిట్ల పెట్టకు, ఆకలైనోడు మిఠాయి సూసినట్టున్నవ్. పీనుగు కాడ నిలబడ్డట్టు నిలబడాలె. నేను లేస్తే లేసి నడువు. ఎనకకు మర్రి సూడకు. ఆడే పిలుస్తడు."

చాచా అప్పుడే తాళం తీసి నీళ్ళు చల్లుతున్నాడు. చిన్నబాపు విమానం చుట్టూ ఒకసారి తిరిగి చేతికర్రతో పొట్ట మీద కొట్టాడు. నా కడుపులో కొట్టినట్టయింది. "గిదేంది భాయి, రేకుల డబ్బా?"

"విమానం సేఠ్."

"విమానమా! రెక్కలేవి?"

"లెవ్వు."

"ఇంజనేది?"

"లేదు."

"మరి విమానమని ఎట్లంటవయ్యా? కాళ్ళు లేంది మంచమైతదా?"

చాచా ఒక ధర చెప్పాడు. నిజం చెప్పొద్దూ, న్యాయమైన ధరే. నా దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది, చొక్కా లోపలి జేబులో పిన్నీసు పెట్టి. చిన్నబాపు చేతిసంచి వదిలేసి, గుండె పట్టుకుని ఇరుసు మీద కూలబడ్డాడు (ఇది ఆయన ప్రతి బేరంలోనూ చేస్తాడు, కొత్త దుకాణదారులు నీళ్ళు తెచ్చిస్తారు). తేరుకుని, అల్యూమినియం తూకం లెక్కన అయితే ఆలోచిస్తానన్నాడు. "తూకం లెక్కనా? సొట్టలు సూడకు సేఠ్. మనిషిని ఆకాశంల తిప్పిన సామాను గిది." "తిప్పినప్పుడు తిప్పింది. గిప్పుడు కోడిపెట్ట గూడ గుడ్డు పెట్టది దీంట్ల." చాచా కొంచెం దిగాడు. చిన్నబాపు కదల్లేదు. అప్పుడు చాచా ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బేటా. మొన్న సూసినవ్ గదా. మంచిగుందా, లేదా?"

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. చాచా బేరం కోసం అడగలేదు. ఇన్నాళ్ళూ తను ఎందుకు దాన్ని కొయ్యకుండా ఉంచాడో ఎవరైనా ఒకరు చెబితే వినాలని అడిగాడు. నా వెనక చిన్నబాపు దగ్గాడు. ఏడు తరాల మా వంశమంతా ఆ దగ్గులో ఉంది. నేను పీనుగు దగ్గర నిలబడ్డట్టు నిలబడి, "ఏమున్నది చాచా, తుక్కు. అల్యూమినియం రేటు పలికితే గొప్ప" అన్నాను. ఆయన విమానం వంక చూశాడు, చాలాసేపు, మొదటిసారి చూస్తున్నట్టు.

చిన్నబాపు లేచాడు. నేనూ కదిలాను. మా ఇంటి నడక ఒకటుంది, బేరం వదిలేసి పోయేవాళ్ళ నడక. చూసేవాళ్ళకు పోతున్నట్టే ఉంటుంది గానీ ముందుకు సాగదు. చిన్నబాపు చెప్పు పట్టీ సర్దుకున్నాడు. ఎండెట్లున్నదో చూశాడు. తుమ్మాడు, తుమ్మినందుకు శకునం చూస్తూ ఆగాడు. గేటు దాటుతుండగా వెనక నుంచి "సేఠ్! ఓ సేఠ్!" అని కేక వినపడింది. "సూసినవా? పిలిసిండు" అని చిన్నబాపు మీసంలో నవ్వి, మహారాజులా వెనక్కి తిరిగాడు. చాచా పరుగున వచ్చి, "మీ సంచి మర్శిపోయిన్రు" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఎదురుగా ఉన్న చాయ్ కొట్టులో కూర్చుని, మళ్ళీ పిలుస్తాడని చాయ్ మీద చాయ్ తాగాం. పిలవలేదు. నేను లేచి పోయి అడిగిన ధర ఇచ్చేస్తానంటే చిన్నబాపు నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇజ్జత్ తీస్తవా? పండనీయ్‌రా. రేపటికి ఇంకింత దిగుతది." తెల్లారి బాపు ఎవరిదో పెళ్ళికని నవీపేట్ పోవడంతో నేను గల్లా వదిలి కదల్లేకపోయాను. ఆ మర్నాడు మొదటి బస్సుకే బోధన్‌లో దిగాను. దారంతా నాలో నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను, చాచా ఎంత దిగి ఉంటాడా అని.

గేటు దగ్గరే గ్యాస్ కట్టర్ కమురు వాసన కొట్టింది. విమానం ఉన్నచోట విమానం లేదు. అది పడుకున్నంత మేరా గడ్డి ఎండ తగలక పాలిపోయి, పసుప్పచ్చగా, రెక్కల్లేని విమానం ఆకారంలో ఉంది. చాచా నన్ను చూసి ఏ కల్మషమూ లేకుండా నవ్వాడు. "రా బేటా. నీ మాటే నిజమని మనసు గట్టి జేస్కున్న. నిన్ననే కోపిచ్చి తూకానికేసిన. గిన్నెలు పోసేటోళ్ళు కొనుకపోయిన్రు."

"మొన్న నువ్వు చెప్పిన ధరే ఇస్త చాచా" అన్నాను.

"దేనికిస్తవ్ బేటా?"

పిన్నీసు తీసి జేబులోని డబ్బు చూపించాను, చిన్నపిల్లవాడిలా. చాచా మొహం మెల్లమెల్లగా మారింది. "అంటే నీకు నిజంగనే కావాల్నా? అరె! ఎన్నేండ్ల సందో నేను దానికి కత్తి తాకనియ్యలే. పిచ్చోడన్నరు, ఊకున్న. మీరు దుకాణమోళ్ళు, సామాను తెలిసినోళ్ళు. మీరే తుక్కన్నంక ఇగ నాదే పిచ్చి అనుకున్న. ఒక్క మాట అననీకె ఏమైంది బేటా? మంచిగుంది అంటే నీ మూటేం పోతుండె?" తిట్టినా బాగుండేది. చాయ్ తెప్పించాడు. ఇద్దరం ఆ పాలిపోయిన గడ్డి ఎదురుగా ఇరుసు మీద కూర్చుని తాగాం.

ఇంట్లో చిన్నబాపు నన్ను ఓదార్చాడు. "ఏడ్వకురా. అల్యూమినియం ఏడికి పోతది? తిరిగి తిరిగి తపేలలై మన దుకాణంకే వస్తది." ఆయన దృష్టిలో అది ఓదార్పే. ఆ తర్వాత చాలాకాలం, కొత్త సరుకు దిగిన ప్రతిసారీ తపేలాలను వేలితో మీటి చెవి పెట్టి వినేవాణ్ణి. గిరాకీలు దాన్ని నాణ్యతా పరీక్ష అనుకుని నన్ను మెచ్చుకునేవారు. ఇక మేడ మీద, ఏం విచిత్రమో, ఆ నెలంతా కరెంటు పోలేదు. ఒకరోజు విమానాన్ని పువ్వులా దించాను, చక్రాలు తాకినట్టే తెలియనంత మెత్తగా. కింద నుంచి బాపు ఏమైందని కూడా అడగలేదు. కుక్కర్ పిడి మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఏ సంతోషమూ రాలేదు. మరునాటి నుంచి చాలా నెలలు కంప్యూటర్ మీద గుడ్డ కప్పే ఉంది.

ఈ మధ్య హైదరాబాద్‌లో పాత విమానాల ప్రదర్శన ఏదో పెట్టారని తెలిసి మా ఆవిడతో పోయాను. ఒక మూలన, తాడు కట్టిన గుంజల వెనక, రెక్కలతో, చక్రాలతో, తళతళా మెరుస్తూ నిలబడి ఉంది హెచ్‌టీ-2. రిటైరైన పెద్దమనిషి ఒకాయన మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. నేను తాడు దగ్గర పాతుకుపోయి ఎంతసేపు నిలబడ్డానో, ఆయనే పలకరించాడు. "ఎలా ఉందండీ?"

వెనక ఎవరూ దగ్గలేదు. "బాగుంది" అన్నాను. ఆయనకు వినపడలేదేమో, చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "చాలా బాగుందండీ!" అని అరిచినంత పని చేసి, మా బజారు వాళ్ళెవరైనా ఉన్నారేమోనని అలవాటు కొద్దీ చుట్టూ చూశాను. మా ఆవిడ నోరు తెరిచి నన్నే చూస్తోంది. "పెండ్లైనకాడికెల్లి వండి పెడుతున్న. నా చేతి పప్పుచారును ఒక్కనాడన్న గట్లన్నవా?" అంది. అనలేదు. రేపు అంటాను. (అనుమానపడుతుంది. అయినా అంటాను.)

పెద్దమనిషి నవ్వి తాడు ఒక పక్క విప్పాడు. "లోపల కూర్చుంటారా?"

ఎంతవుతుందని అడగబోయాను; మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని గుటుక్కున మింగి, చెప్పులు విప్పి, ఎక్కాను.